మూడో చెవి

తిరుపతి
మార్చి, రెండో శుక్రవారం

ఫుప్పూకి సుమయ్యా సలాం.

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా వినపడదు. నేను "కాలు విరిగింది" అని అరిస్తే నువ్వు "ఆఁ, తిన్నాను" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం. తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్ది వెనక్కి పంపడం తరవాత, ముందు విషయం చదువు.

కాలు విరిగింది నాది కాదు, నీ తమ్ముడిది. అబ్బా గాంధీ రోడ్డులో స్కూటర్ జారి పడ్డాడు. పుత్తూరికి తీసుకుపోయి కట్టు కట్టించాం. బద్దలు పెట్టి కట్టారు, కాలు చాపుకునే ఉండాలి. టైలరింగ్ షాపు అమ్మీ చూస్తోంది. అబ్బా మంచం మీద నుంచి మా ఇద్దరినీ చూస్తున్నాడు, అంటే తిడుతున్నాడు.

అసలు సంగతి ఇది. కారు అమ్మేస్తానంటున్నాడు. నువ్వు కొన్న మన తెల్ల ఆల్టోనే. నియాజ్ భాయ్ ఫ్యాక్టరీలో చేరాక ఆదివారం తప్ప ఇంటికి రాడు, కారు దుమ్ము పట్టి గోడ పక్కన నిలబడింది. బట్టల కొట్టు ధనంజయ వచ్చి చుట్టూ తిరిగి చూసి, టైర్లు తన్ని పోయినాడు. అతను తన్నింది టైరునే అయినా నాకే తగిలింది.

నేను ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాను ఫుప్పూ. డ్రైవింగ్ స్కూల్‌కి పోతున్నాను. "కారు నేను నడుపుతా, అమ్మొద్దు" అన్నాను. అబ్బా నవ్వినాడు. కాలు నొప్పి మొదలైనాక నవ్వింది అదే మొదటిసారి, దానికైనా సంతోషించాలి. నేను మంచం పక్క నుంచి కదలకపోయేసరికి చివరికి అన్నాడు: "సరే. నా కట్టు ఇప్పే పొద్దు ఈ కారులో, నువ్వే నడుపుకుంటా నన్ను పుత్తూరికి తీసకపో. అన్నీ కాగితం ప్రకారం ఉండాల. అట్లయితే అమ్మను. లేదంటే గమ్మున ఉండు."

కాగితం చూస్తే ఇన్సూరెన్స్ చలికాలంలోనే అయిపోయింది! ఎవరూ చూసుకోలేదు. ఇన్స్యూరెన్సు లేకుండా రోడ్డెక్కితే నేరం. సరేనని ఏజెంటు బాలసుబ్రమణ్యం సారు దగ్గరికి పోయినాను. "నడిపేది ఎవురు?" అన్నాడు. నేనే అన్నాను. "లైసెన్సు?" ఎల్.ఎల్.ఆర్. ఇచ్చాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని "మీ నాయన్ని పంపించమ్మా" అన్నాడు. ఇన్సురెన్స్ బండికి కదా సార్, నాకెందుకు అని అక్కడే కూర్చున్నాను. టీ వచ్చింది, పోయింది, నేను పోలేదు. అప్పుడు చెప్పినాడు. పాలసీ ఓనరు పేరు మీదే ఇస్తారట. ఆర్.సి. ఇంకా నీ పేరు మీదే ఉంది కాబట్టి సంతకం నువ్వు పెట్టాలి. నీకు లైసెన్సు ఉంటే అది కూడా కావాలట, ఓనరుకు ప్రమాదం జరిగితే వచ్చే డబ్బు కూడా అందులో కలుస్తుందట.

నీకు లైసెన్సు ఉందా ఫుప్పూ? ఒకప్పుడు నువ్వు నడిపేదానివని తెలుసు. ఎందుకు మానేశావో తెలీదు.

ఈ కారు పోతే ఇంకో కారు ఈ ఇంటికి రాదు, నేను మళ్ళీ స్టీరింగ్ పట్టను. అది నాకు తెలుసు. ఫారం ఇందులో పెట్టాను. సంతకం పెట్టి పంపు.

నీ సుమ్మూ


చిత్తూరు
మార్చి, మూడో వారం

చి. సుమయ్యాకు దువాలు.

ఒక్క ఉత్తరంలో ఇన్సూరెన్స్ అనే మాటను మూడు రకాలుగా రాశావు. మూడూ తప్పని అనను, మూడూ ఒప్పు కావడానికి వీల్లేదు. బీమా అను. రెండక్షరాలు, ఒత్తు కూడా లేదు, పైగా మన ఇంటి ఉర్దూ మాటే. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన దాని మేనకోడలివి.

ఫకృద్దీన్ కాలు కింద దిండు పెట్టమని మీ అమ్మీకి చెప్పు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, పడటం తొందర, లేవటం తొందర.

కారు సంగతి నన్ను అడగవద్దు. నాకు దానితో పని లేదు. వాడు అమ్ముతానంటే అమ్మకం కాగితం మీద కూడా సంతకం పెడతాను, పంపించమను. నీ ఫారం నా దగ్గరే ఉంచాను. లైసెన్సు సంగతి అంటావా, ఇంట్లో ఎక్కడుందో వెతకాలి. ఉన్నా ఏం చేస్తావు. నువ్వు డిగ్రీ పరీక్షలు చూసుకో.

ఇక్కడ ఎండలు ముదిరాయి. కుండలో నీళ్ళు తాగుతున్నాను, నా గురించి దిగులు వద్దు.

ఫుప్పూ బషీరా


తిరుపతి
మార్చి చివర

ఫుప్పూకి సలాం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చేతిరాత నీదే, మాటలు నీవి కావు. "నాకు దానితో పని లేదు" అని నువ్వు ఎవరి గురించీ, దేని గురించీ అనగా నేను వినలేదు. పాత గొడుగును కూడా పారేయవు నువ్వు.

అందుకే అమ్మీని అడిగాను. కుట్టు మిషన్ ఆపకుండానే చెప్పింది. నువ్వు రోజూ కారులో బడికి పోయేదానివట, దారిలో నడిచే పిల్లల్ని ఎక్కించుకునేదానివట. నీకు చెవులు మందగించినాయని అబ్బా చిత్తూరికి వచ్చి కారు తెచ్చేసుకున్నాడట. నీ గురించే, "ఆపా మంచికే తెచ్చినాడులే" అంది. ఆ "లే" అన్నప్పుడు మిషన్ ఆగింది. నాకు బాధేసింది ఫుప్పూ. ఇన్నేళ్ళు ఆ కారులో వెనక సీట్లో కూర్చుని ఐస్‌క్రీం తిన్నాను కానీ అది నీ దగ్గర నుంచి ఎలా వచ్చిందని ఒక్కసారీ అడగలేదు.

ఇంకో తమాషా విను. బాలసుబ్రమణ్యం సారు దగ్గరికి మళ్ళీ పోయినాను. ఈసారి ఆయనే కుర్చీ చూపించినాడు, లేవనని తెలిసిపోయింది. "ఎల్ బోర్డు బండిలో పక్కన లైసెన్సు ఉండే మనిషి కూసోవాల. లేకపోతే రేపు ఏమన్నా అయితే కంపెనీ ఒప్పుకోదు. ఆ మనిషి ఎవురు?" అన్నాడు. అబ్బా కాలు చాపుకుంటే వెనక సీటంతా ఆయనకే కావాలి. "నియాజ్ భాయ్ కూర్చుంటాడు" అన్నాను. ఇంట్లో అందరం అదే అనుకున్నాం. కాలేజీ రోజుల నుంచీ భాయే కదా మమ్మల్ని తిప్పింది.

ఆదివారం భాయ్‌ని లైసెన్సు చూపించమన్నాను. "యాడో పెట్టినా" అన్నాడు. పర్సు చూడమన్నాను. "ఫ్యాక్టరీలో ఉండాదేమో" అన్నాడు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. అప్పుడు మెల్లగా అన్నాడు: "తీసుకోలేదు సుమ్మూ. ఎవురూ అడగలేదు." ఎల్.ఎల్.ఆర్. కూడా లేదు ఫుప్పూ! ఇంట్లో డ్రైవరు అని పేరున్న మనిషికి నాకున్నంత కాగితం కూడా లేదు. నేను నడుపుతానంటే నవ్విన ఇల్లు, వాణ్ణి ఒక్కసారి కూడా అడగలేదు.

"అబ్బాకి చెప్పొద్దు, నేను పక్కన కూసుంటా, ఎవురు సూస్తారు?" అని బతిమాలాడు. చెప్పను, కానీ నువ్వు కూర్చోవద్దు అన్నాను. అన్నీ కాగితం ప్రకారం ఉండాలన్నది అబ్బా షరతు. నేను గెలిస్తే ఆ షరతు మీదే గెలవాలి, దొంగ లెక్కతో కాదు.

కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను. వెతికావా? నీ లైసెన్సు ఉందా, లేదా? లేదంటే లేదను. "వెతకాలి" అనవద్దు. నీ ఇంట్లో సూది ఎక్కడుందో కూడా నీకు చీకట్లో తెలుసు.

సుమ్మూ


చిత్తూరు
ఏప్రిల్ మొదటి వారం

సుమ్మూకు,

ఉంది.

వెతకలేదు. వెతకాల్సిన పని లేదు. నా పర్సులో, బస్సు పాసు వెనక ఉంది. గడువు తీరినప్పుడల్లా పోయి రెన్యూవల్ చేయించుకుంటూనే ఉన్నాను. చెవి మిషన్ పెట్టుకుని డాక్టరు ముందు కూర్చుంటాను, దూరంగా ఉన్న బోర్డు మీద చిన్న అక్షరాలు కూడా గడగడా చదివేస్తాను, సర్టిఫికెట్టు రాసిస్తాడు. సొంత బండి నడుపుకోవడానికి చెవులు అడ్డం కావని ఆయనే చెప్పాడు. ఈ సంగతి ఎవరికీ తెలీదు, మీ అబ్బాకు అసలే తెలీదు. నడపడానికి కారు లేకపోయినా ఆ కార్డు మాత్రం చచ్చిపోనివ్వలేదు.

ఇంత చెప్పాక మిగతాదీ చెప్తాను. ఒకరోజు బజారు వీధిలో నా వెనక లారీ వచ్చింది. హారన్ కొట్టిందట, నాకు వినపడలేదు. డ్రైవరు దిగి వచ్చి నా కిటికీ దగ్గర నోరు పారేసుకున్నాడు. అది చూసిన వాళ్ళు ఫకృద్దీన్‌కు ఫోన్ చేశారు. ఆ సాయంత్రమే వచ్చాడు. "ఆపా, నీ మంచికే" అంటూ గోడ మేకుకు తగిలించిన తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు. నేను ఇచ్చిన టీ తాగాడు. కారు తోలుకుని వెళ్ళిపోయాడు.

నిజం ఏమిటంటే, ఆ లారీని నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను. పక్కకు తీయడానికి ఎడమవైపు అరటిపళ్ళ బండి ఉంది, ముసలామె దాన్ని జరుపుకునేదాకా ఆగాను. అంతే. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, చెవిటిదాని మాట ఎవరు వింటారులే అనుకున్నాను.

పుస్తకంలో తాళంచెవి అంటాం, మన ఇంట్లో బీగంచెవి అంటాం. ఏదన్నా చెవి చెవే. రెండు చెవులు దేవుడు తీసుకున్నాడు, దానికి నాకు కోపం లేదు. మూడో చెవి నా తమ్ముడు తీసుకున్నాడు. దానికి ఉంది. ఇప్పటికీ ఉంది. కారుతో పని లేదని నీకు రాసింది ఆ కోపంతోనే.

నీ ఫారం మీద సంతకం పెట్టాను. లైసెన్సు జిరాక్సు జత చేశాను. అమ్మకం కాగితం వస్తే దాని మీద మాత్రం పెట్టను, ధనంజయను వేరే బండి టైర్లు తన్నుకోమను. నీ పక్క సీట్లో కూర్చునేది నేనే.

అయితే కొన్ని పద్ధతులున్నాయి. డ్రైవింగ్ స్కూల్ కార్లలో ఉన్నట్టు నా వైపు ఒక చిన్న అద్దం బిగించు. హారన్ వినడం నీ పని, అద్దం చూడడం నా పని. స్టీరింగ్ పట్టుకున్నాక నువ్వు నాకు జవాబు చెప్పలేవు, చెప్పినా వినపడదు. కాబట్టి ప్రశ్నలు వద్దు, నేను ఆపమంటే ఆపు. నేను హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేస్తే కంగారు పడవద్దు, అది అలవాటు. దారి తెలియనప్పుడు నన్ను చూడవద్దు, రోడ్డునే చూడు.

నియాజ్‌కు చెప్పు, వాడు నన్ను ఎప్పుడన్నా ఎక్కడికన్నా తీసుకుపోతానంటే నేను నడిచిపోతానని.

ఫుప్పూ


తిరుపతి
ఏప్రిల్ మధ్యలో

ఫుప్పూ,

బీమా వచ్చింది! చూడు, రెండక్షరాలే రాశాను.

పాలసీ అయిపోయి చాలా రోజులైంది కాబట్టి బండిని చూడకుండా ఇవ్వరట. బాలసుబ్రమణ్యం సారు ఇంటికొచ్చి నాలుగు వైపులా ఫోటోలు తీసుకున్నాడు. అబ్బా కిటికీ పక్క మంచం మీద నుంచి అంతా వింటున్నాడు. "ఈ సొట్ట ఎవురిది?" అంటే అబ్బాది అన్నాను. "ఈ గీత?" భాయ్‌ది. "వెనక లైటు?" అదీ భాయ్‌దే. సారు ఆర్.సి. చూసి, "మరి ఓనరుది ఏది?" అన్నాడు. "ఓనరుది ఒక్కటీ లేదు సార్" అన్నాను. కిటికీలో నుంచి ఏ తిట్టూ రాలేదు.

తరవాత నీ లైసెన్సు జిరాక్సు అబ్బా చేతికిచ్చాను. గడువు తారీఖు దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. అప్పుడు వచ్చింది కోపం. "చెవులు ఇనపడని మనిషి ఒకరు, లైసెన్సు రాని పిల్ల ఒకరు. ఇద్దరూ కలిసి నన్ను పుత్తూరికి తీసకపోతారా? నేను బస్సులో పోతా!" అని అరిచాడు. చాపిన కాలుతో బస్సు ఎలా ఎక్కుతావు అన్నాను. "ఆటోలో పోతా" అన్నాడు. "కాగితం ప్రకారం అన్నావు. ఆర్.సి., బీమా, ఎల్ బోర్డు, పక్కన లైసెన్సు. ఏది తక్కువో చెప్పు" అన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను కూడా అక్కడి నుంచి కదలలేదు. చివరికి గోడతోనే అన్నాడు: "ఆపాని రానీ."

నాకు భయంగానే ఉంది ఫుప్పూ. డ్రైవింగ్ స్కూల్ కారులో అన్నీ గుర్తుంటాయి, మన కారులో కూర్చుంటే చాలు క్లచ్ ఏదో బ్రేకు ఏదో మరిచిపోతున్నాను. అయినా రా. అద్దం బిగించాను.

భాయ్ ఎల్.ఎల్.ఆర్.కి అప్లై చేశాడు. పక్కన కూర్చునే మనిషి కావాలట. నాకు లైసెన్సు వచ్చాక చూద్దాం అన్నాను.

సుమ్మూ


చిత్తూరు
కార్డు ముక్క

బుధవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ముందు చంద్రగిరి కోట దాకా నడిపించి చూస్తాను, ఆ తరవాతే పుత్తూరు. ఎల్ అక్షరం తెల్ల బోర్డు మీద ఎర్రగా ఉండాలి, నీ రాతలా వంకర పోకూడదు. చెప్పులతో నడపవద్దు, బూట్లు వేసుకో.

బ.


తిరుపతి
మే మొదటి వారం

ఫుప్పూకి సలాం.

నువ్వు బస్సెక్కి పోయినాక ఇల్లు మళ్ళీ గట్టిగా మాట్లాడటం మానేసింది. ఈ ఉత్తరం ఎందుకంటే, ఆ రోజు కారులో నీకు వినపడనివి కొన్ని ఉన్నాయి. అవి నీకు చేరాలి.

రేణిగుంట దాటేదాకా అబ్బా వెనక సీట్లో దువా చదువుతూనే ఉన్నాడు. నేను గేరు మార్చినప్పుడల్లా గొంతు పెరిగింది. ఒకచోట ఇంజను ఆగిపోయింది కదా, అప్పుడు "దిగి ఆటో పిలవండి" అన్నాడు. నీకు వినపడలేదు. నాకు వినపడనట్టు నటించాను. నువ్వు నా చేతి మీద చెయ్యి వేసి "క్లచ్ తొక్కు, మళ్ళీ స్టార్ట్ చెయ్యి, ఏం కాదు" అన్నావు. ఆ చెయ్యి లేకపోతే నేను నిజంగానే దిగిపోయేదాన్ని.

వడమాలపేట దగ్గర లారీ గుర్తుందా? నువ్వు అద్దం చూసి "ఎడమకి తియ్యి, వెనక లారీ" అన్నావు. నేను తీశాను. ఆ తరవాత వినపడింది నాకు హారన్! చెవులున్న నాకంటే ముందు నీకు తెలిసింది. లారీ పక్కనుంచి పోయింది, డ్రైవరు మనవైపు చూడను కూడా లేదు.

అబ్బా దువా ఆపేశాడు. "ఆపాకి ఎట్లా తెలిసె?" అన్నాడు నాతో. నేను రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు, నువ్వు చెప్పినట్టే. కాసేపటికి తనలో తనే "అద్దం సూస్తా ఉండాది" అన్నాడు. పుత్తూరు ఊళ్ళోకి వచ్చాక చాలా మెల్లగా అన్నాడు:

"ఆ పొద్దు కూడా సూసే ఉంటాది."

నాకు కళ్ళలో నీళ్ళు వచ్చినాయి, కానీ మలుపు ఉంది కాబట్టి ఏడవలేదు. ఈ మాట నువ్వు వినకపోతే అన్యాయం. అందుకే రాశాను.

మిమ్మల్ని దించి నేను చెట్టు నీడలో కారు పెట్టి వచ్చేసరికి అబ్బా కట్టు విప్పేశారు, అక్కడున్న జనమంతా మీ ఇద్దరినే చూస్తున్నారు. ఏమైందో అబ్బా చెప్పడు. నువ్వూ చెప్పకుండా నవ్వుతూ కూర్చున్నావు. ఏమైంది?

ధనంజయకు అమ్మనని కబురు పెట్టాడు. నా డ్రైవింగ్ టెస్టు వచ్చే వారం.

సుమ్మూ


చిత్తూరు
మే రెండో వారం

సుమ్మూకు దువాలు.

ఈసారి తప్పులు ఒక్కటీ లేవు. ఎర్ర పెన్ను మూత కూడా తీయలేదు.

నువ్వు నాకు అద్దం బిగించింది లారీలు చూడడానికే అనుకున్నావా? అందులో వెనక సీటు కూడా కనిపిస్తుంది. చెవులు పోయిన నాటి నుంచీ నేను పెదాలు చదివే బతుకుతున్నాను. మీ అబ్బా దువా, ఆటో, "ఎట్లా తెలిసె", అన్నీ చదివాను. ఆ చివరి మాట కూడా. చదివి కిటికీ వైపు తిరిగాను. నువ్వు నన్ను చూడకుండా రోడ్డునే చూశావు, మంచి పని చేశావు.

ఇక పుత్తూరులో ఏమైందంటావా. కట్టు విప్పాక నీ అబ్బా బెంచీ మీద కూర్చుని జేబులో నుంచి కారు రెండో బీగంచెవి తీశాడు. తల వంచుకుని "ఆపా, నీది నువ్వే పెట్టుకో. తప్పు చేసినా" అన్నాడు. నేను "ఏమంటివి? ఇనపళ్ళేదు" అన్నాను. కొంచెం గట్టిగా అన్నాడు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని "ఏంది నాయనా?" అన్నాను. అప్పుడు అరిచాడు చూడు, కట్లు కట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళూ, కట్టే వాళ్ళూ, బయట టీ కొట్టువాడూ అందరూ విన్నారు: "ఆపా! తప్పు చేసినా! నీ బీగంచెవి నువ్వే పెట్టుకో!" అప్పుడు నువ్వు వచ్చావు.

నాకు మొదటిసారే వినపడింది సుమ్మూ. చెవి మిషన్ పెట్టుకునే ఉన్నాను. అయితే నా దగ్గర నుంచి అది తీసుకుపోయిన రోజు వీధి వీధంతా చూసింది. తిరిగి ఇచ్చేది మాత్రం గుసగుసగా ఇస్తే ఎట్లా? ఈ మాట మీ అబ్బాకు చెప్పకు. వాడికి ఇంకా గొంతు బొంగురు తగ్గలేదని మీ అమ్మీ కబురు పంపింది.

టెస్టు రోజు పక్కన నన్ను కూర్చోనివ్వరు. అద్దం నువ్వే చూడాలి, హారన్ నువ్వే వినాలి. నీకు రెండూ వచ్చు. బీమా గడువు ఎప్పుడు తీరుతుందో గోడ మీద రాసి పెట్టు, ఇంకోసారి మరిచిపోతే నేనే బస్సెక్కి వస్తాను.

నా బీగంచెవి మళ్ళీ మేకుకు తగిలించాను. బజారులో దానికి జత ఇంకొకటి చేయించి ఈ కవరులో పెట్టాను. అది నీది. నీ మంచికే అని ఎవరడిగినా ఇవ్వద్దు.

ఫుప్పూ